మూడవ గుంజ కింది గుడ్లు

క్షీరసాగర మథనవేళ మందరాద్రిని వీపున నిలిపి, ఆ బరువును లోకానికి తెలియనీయని ఆదికూర్మమూర్తికి మ్రొక్కి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. శోభకృన్నామ సంవత్సరం, మాఘ బహుళ విదియ, సోమవారం. ఆనాటి ఉదయం తొమ్మిదింటికి మద్రాసుకు దక్షిణాన ఒక జాలరిపల్లె ఒడ్డున మా లారీ ఆగింది.

నేను నౌకాదళంలో మాస్టర్ చీఫ్ పెట్టీ ఆఫీసరును. విరమణకు అప్పటికి పదకొండు నెలలు మిగిలి ఉన్నాయి. పుట్టినది మైలాపూరులో. ఇన్నేండ్ల కొలువులో సొంత ఊరి ఇసుకపై విధి పడడం అదే మొదలు. నాతో ఎనమండుగురు. సరుగుడు తోపు వెనుక రెండు గుడారాలు. సామాను: ఆరు ఇనుప గుంజలు, నారింజరంగు జెండాలు, ఒక సమ్మెట, కొలతటేపు, రేడియో సెట్టు, తాగునీటి క్యాన్లు. గాలి ఆగ్నేయం. అలలు మోకాటి ఎత్తు.

ఆజ్ఞ స్పష్టం. బుధవారం 10:40కి పడవ వచ్చి మూడు సైనిక వాహనాలను ఒడ్డుకు దింపుతుంది. వాటికి నలభై మీటర్ల వెడల్పున బాట గుర్తించాలి. నీటికింది ఇసుకమేటల నడుమ పడవ దూరగల సందు అక్కడ ఒక్కటే. అది తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం గనుక షరతులు కూడా ఉన్నాయి. రాత్రి దీపం వెలిగించరాదు. ఈ దింపుడు అభ్యాసం పగలే జరగాలి. ఉత్తరాన రెండువందల మీటర్ల దూరంలో గుడ్లను పొదిగించే వెదురుకంచె ఉంది. దాని జోలికి పోరాదు. అన్నిటినీ అక్షరాలా పాటించాము.

బుధవారం 6:10. గుంజలు పాతుతున్నాను. మొదటి రెండింటికి పన్నెండేసి దెబ్బలు పట్టాయి. మూడవది నాలుగు దెబ్బలకే దిగిపోయింది.

"ఏంది సారూ, వెన్నలో దిగినట్టు దిగిందే," అన్నాడు మా జట్టులోని గన్నర్. పురసవాక్కం వాడు. ఇరవైరెండేండ్లు ఓడ మందుగుండు గదిలో గుండ్లు మోసినవాడు.

ఆ మాట దగ్గరే నేను ఆగవలసింది. ఆగలేదు. నాలుగవ గుంజకు నడిచాను.

6:50కి తాబేళ్ళ టీచరమ్మ వచ్చింది. లెక్కలు చెప్పి విరమించిన మనిషి, మా మైలాపూరు ఆడపడుచే. ప్రతి ఉదయం ఆ ఒడ్డంతా నడిచి, తాబేలు జాడలు వెదకి, గూళ్ళను గుర్తించి కంచెలోకి చేర్చేది. మూడవ గుంజ దగ్గర నిలబడి పాదంతో ఇసుకను నొక్కి చూసింది.

"అన్నా, దీన్ని కొంచెం పెరకండి."

పెరికాను. గుంజ మొనకు పచ్చసొన అంటి ఉంది.

ఆమె మోకాళ్ళపై కూర్చుండి చేతులతోనే తవ్వింది. మూరెడు లోతున తెల్లని గుడ్లు. పైన మూడు చితికి ఉన్నాయి. నా చేతి సమ్మెట బరువెక్కింది.

"నెల దినాలవి. కొత్తవైతే బుట్టలో ఏసుకోని పోయుందును. ఇప్పుడు లోపల పిల్ల పై పెంకునే పట్టుకోని ఉంటది. తిరగబడితే చచ్చిపోతది," అన్నది.

రేడియోలో పడవ అధికారిని పిలిచాను. ఆయనది విశాఖ.

"బాటలో తాబేలు గూడు ఉంది సర్. నా గుంజ దానిలోనే దిగింది."

ఆయన అడిగాడు. "బాట జరపగలమా?"

"సందు ఒక్కటే సర్."

"ఎంతసేపు కావాలి?"

"తెలియదు సర్."

"పది నలభై దాటితే పోటు తీసేస్తుంది. పది ఇరవైకి బాట ఖాళీ అని మీ నోట వినాలి. వినకపోతే వెనక్కి తిప్పేస్తాను. ఎందుకని పైనుంచి అడిగితే నేను చెప్పుకుంటాను. తొందరపడకండి మాస్టర్ చీఫ్."

ఆ మాటకు నేటికీ ఆయనకు నమస్కరిస్తాను.

గుడ్లను తిరగబడకుండా కంచెలోకి మార్చేందుకు టీచరమ్మ అటవీశాఖవారికి ఫోను చేసి అనుమతి తీసుకొన్నది. తన చేతులను చూసుకొన్నది. "డెబ్బై దాటినాయి నాకు. ఇన్ని ఎత్తి అంత దూరం మోసేది నా చేత కాదు," అన్నది.

గన్నర్ చొక్కా జేబులోనుంచి మైనపు పెన్సిలు తీశాడు. "ఓడలో మేం గుండ్లు మోసేది కూడా అట్లే కదమ్మా. పైది పైనే ఉండాల. ఎత్తేవాడు చెప్పాల, అందుకునేవాడు తిరగ చెప్పాల. సారూ, బకెట్లో ఈ గూటి ఇసకే పరవండి."

7:35కి ఆరంభించాము. కదలించకముందే ప్రతి గుడ్డు నెత్తిన అతడు చిన్న చుక్క పెట్టేవాడు. రెండు చేతులతో ఎత్తేవాడు.

"చుక్క పైన."

"చుక్క పైన," అని నేను అందుకొనేవాడిని.

బకెట్టుకు పదమూడు. ఎండ తగలకుండా పైన తడిపిన జెండాగుడ్డ. తడి ఇసుక మీదుగా రెండువందల మీటర్లు మోసుకుపోయేవాడిని. కంచెలో టీచరమ్మ అంతే లోతున కడవ ఆకారంలో గొయ్యి తీయించి, దాని పక్కన బోర్లా పడుకొని ఉండేది. ఒక్కొక్కటి దింపేది. నా కుర్రకాలంలో తుపానులో తెరచాపకొయ్య ఎక్కాను. అప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా అడుగు వేయలేదు.

నాలుగవ విడతకు గన్నర్ తల ఎత్తకుండా అన్నాడు. "ఇన్నేండ్లు ఇనుమే మోసినా సారూ. ఒక్కటన్నా చేతికి వెచ్చగా తగల్లేదు."

టీచరమ్మ అప్పుడు నీళ్ళు తెచ్చి ఇస్తున్నది. "నీ పెండ్లాం చూసినా నమ్మదు నాయనా."

"నమ్మదు లేమ్మా. అంగడినించి నేను గుడ్లు పగలకుండా తెచ్చిన దినమే లేదు."

ఎనిమిది విడతలు. నూటనాలుగు గుడ్లు. ఒక్కటీ దొర్లలేదు. 10:14కి చివరిది గోతిలో దిగింది. 10:17కి రేడియో పట్టాను.

"బాట ఖాళీ సర్."

"విన్నాను. వస్తున్నాం."

10:40కి పడవ ముక్కు ఇసుకను తాకింది. మూడు వాహనాలూ దిగాయి. ఖాళీ గూటి మీదుగా చక్రాలు నడిచాయి. చితికిన మూడింటిని నేను సరుగుడు తోపులో పూడ్చాను. టీచరమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఆ సొన నా కండ్లముందు నుంచి పోదమ్మా," అన్నాను.

"మీరు చితకగొట్టింది మూడే అన్నా. నెల దినాలు ఈ గూటి మీదనే నడస్తా, ఈడ ఏమీ లేదని రాసుకున్నదాన్ని నేను. మీరు గుంజ కొట్టకపోయుంటే మొత్తం బండ్ల కింద పోయుండేది."

ఓదార్పుకే అన్నదో, లెక్కల మనిషి గనుక లెక్కే చెప్పిందో తెలియదు.

మధ్యాహ్నం మూడున్నరకు గుడారాలు విప్పి లారీ ఎక్కాము. రేవు చేరేసరికి అయిదున్నర. నౌకాదళంలో ఏమి చూశావని మా వీధివారు అడుగుతూ ఉంటారు. మహాసముద్రాలను చూశాను. కాని కన్ను మూస్తే కనబడేది ఆ లారీయే. మడిచిన గుడారం మీద కూర్చొని గన్నర్ నిద్రపోయాడు. ఒడిలో రెండు అరచేతులూ పైకి తెరచి, దొప్పలా వంచి ఉన్నాయి. దారిలో మిట్ట వచ్చినప్పుడల్లా తల ఊగేది, భుజాలు ఎగిరేవి. ఆ చేతులు మాత్రం ఒరగలేదు.

2024 మార్చి 17, ఫాల్గుణ శుద్ధ అష్టమి, ఆదివారం ఉదయం ఆ గూటి నుండి ఎనభైయొక్క పిల్లలు సముద్రంలోకి వెళ్ళాయి. ఇరవైమూడు గుడ్లు పిల్లలు కాలేదు.