పట్టుదారంతో ముడి

మా చిన్నమ్మ పోయిన శుక్రవారం మద్రాసు ఆసుపత్రిలో చనిపోయింది. "తలనొప్పికే మనిషి పోతుందా?" అని పెనుకొండలో ఎదురుపడ్డ ప్రతివాళ్లూ అడుగుతున్నారు. చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టి ఇది రాస్తున్నాను.

ధర్మవరంలో చిన్నాయన మగ్గం నేస్తే, చిన్నమ్మ పట్టుపోగులు అతికేది. వేలికి బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలిపెట్టేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. నేను పెనుకొండలో బడిపంతులునయ్యాక కూడా "ఏమప్పా అయివారూ, పిల్లోళ్లకు చదువు చెప్తాండావా, నిద్రపోతాండావా?" అని నలుగురిలో ఆటపట్టించేది. ఎవరింట్లో మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నా "తెగిందాన్ని తిట్టుకుంటా కూచుంటే అతుకుతాదా?" అనేది. ఆ మాటతో నా కాపురం కూడా ఒకసారి నిలబడింది.

ఈమధ్య నేను ధర్మవరం పోయిన రోజు, పోగులు అతుకుతూనే తల పట్టుకుని, "లోపల ఏందో పుటుక్కుమనె" అని పక్కకు ఒరిగింది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించాం. మెడ కొయ్యబారిపోయాక హిందూపురం తీసుకుపోయాం. అక్కడి డాక్టరు మద్రాసు తప్ప దారి లేదన్నాడు. రైల్లో చిన్నాయన ఆమె తల కదలకుండా ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు.

మద్రాసులో మెడనరంలోకి మందెక్కించి తలకు ఎక్స్‌రే ఫోటో తీశారు. మెదడులో రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బి పగిలిందట. పుర్రె తెరిచి, ఆ బుడగ మొదలును పట్టుదారంతో కట్టేస్తామని పెద్ద డాక్టరు చెప్పాడు. అయితే మెదడు వాపు తగ్గేదాకా ఆగాలి. ఈలోపల మళ్లీ పగిలితే బతకదు.

పట్టుదారం అనగానే చిన్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అట్లయితే మా పనే గదా! గట్టిగా కట్టండి సామీ, పట్టు జారతాది" అంది.

"కడతానమ్మా" అన్నాడు డాక్టరు నవ్వి.

ఆ ఒక్క మాట పట్టుకుని మేం రోజులు వెళ్లదీశాం. చిన్నాయన వార్డు గుమ్మంలో నిలబడి, "ఈ పొద్దు కడతారా?" అని కనబడిన నర్సునల్లా అడిగేవాడు. దేవుడి మీద నమ్మకం లేనివాణ్ణి, నేనూ గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కాను. ఒక్కడూ పలకలేదు.

ఆపరేషను రేపనగా, నేను జావ తాగిస్తుంటే చిన్నమ్మ "అబ్బా" అంది. అంతే, మళ్లీ కళ్లు తెరవలేదు.

డాక్టరు పరుగున వచ్చి, నాడి చూసి, తల దించుకున్నాడు. చిన్నాయన ఆయన చేయి పట్టుకున్నాడు. "కడతానని దానికి మాటిచ్చినారు గదా సామీ. ఇప్పుడన్నా కట్టండి. తెగింది తెగినట్టే ఎట్ల పంపిస్తారు?"

డాక్టరు చేయి విడిపించుకోలేదు. చిన్నాయన ఆయన వేళ్లను ఒక్కొక్కటే మడిచి, ఏ వేలితో కొస పట్టాలో, ఏ వేలితో మెలిపెట్టాలో చూపిస్తూనే ఉన్నాడు.