వైరు పీకినా కదిలిన బాణం

మక్తల్‌లో నేను కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడిపే రోజుల్లో, పక్క వీధిలో ఫోటో స్టూడియో నడిపే ముస్లిం అక్క, మేమంతా ఆపా అని పిలిచే ఆమె, ఒక పాత మౌస్ తెచ్చింది.

“అన్నా, నేను చెయ్యి పెట్టకున్నా తెరమీద బాణం దానంతటదే పోతాంది. జర చూడు.”

విప్పి, లోపలి దుమ్ము దులిపి, అరిగిన బటన్ మార్చి ఇచ్చాను. మర్నాడే మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె వెంట స్టూడియోకే వెళ్లాను. బాణం నిజంగానే కదులుతోంది. మౌస్ వైరు పీకేశాను. అయినా ఆగలేదు. తాపీగా వెళ్లి, ఆమె కొత్తగా తీసిన పెళ్లి ఫోటోలు తెరిచింది. పెళ్లికూతురి ముఖం దగ్గర ఆగి, దాన్ని పెద్దది చేసింది.

“యా అల్లా! ఎవరు చేస్తాండ్రు అన్నా గిది?” అంది ఆపా.

ఇంటర్నెట్ వైరు లాగేశాను. అప్పుడు ఆగింది. ప్రింటర్ బాగుచేస్తానని ఎవరో ఫోన్ చేస్తే, వాడు చెప్పిన యాప్‌ను ఆపా కంప్యూటర్‌లో ఎక్కించుకుందట. దాని గుండానే వాడు లోపలికి వచ్చాడు. ఫోటోలు పక్కకు తీసి, కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేశాను. కానీ అప్పటికే వాడి దగ్గరికి ఏమేం చేరాయో మాకు తెలియదు.

“ఆ పిల్ల తల్లికి చెప్పాలె అన్నా. నువ్వు గూడ రా.”

ఇద్దరం వెళ్లాం. ఆల్బం తెచ్చామనుకుని ఆ తల్లి నవ్వుతూ లోపలికి పిలిచింది.