తెల్ల చీరలకు గిన్నె రాదు

పొద్దుటి నుంచి బీరువా ముందు కూర్చుని నడుం పడిపోయింది. రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఇరవై ఆరేళ్ళు ఉన్న ఇల్లు ఖాళీ చేసి, బేగంపేటలో కూతురి ఫ్లాటుకు వెళ్తున్నాను. అక్కడ నాకు ఒక గది, బట్టలకు రెండు అరలు. రెండంటే రెండే. "ఏడాదిలో ఒక్కసారి కూడా కట్టలేదంటే ఇచ్చెయ్ మమ్మీ," అని కూతురు ఫోన్‌లో ఏదో వీడియో చూసి చట్టం చేసింది. ముప్పై ఏళ్ళు టీచరుగా ఊరి పిల్లలందరికీ రూల్సు చెప్పినదాన్ని, ఇప్పుడు నా చీరలకు నాకే రూలు.

రంగు చీరల పని తొందరగానే అయింది. పట్టువి మూడు ఉంచాను. బడికి కట్టిన నూలు చీరలు చూస్తేనే గొంతు అలసిపోయినట్టనిపించింది. అన్నీ ఇవతల పడేశాను. ఇబ్బందల్లా తెల్ల చీరలతోనే. మా చర్చిలో ఆడవాళ్ళు నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు బల్లకు తెల్ల చీర కట్టుకునే వెళ్తారు. గుడ్ ఫ్రైడేకు తెలుపే, ఎవరైనా పోతే తెలుపే. నావీ, మా అమ్మ పోయాక ఆమెవీ కలిసి పదకొండయ్యాయి. ఏది ఎవరిదో నేనెప్పుడూ పట్టించుకోలేదు. చేతికందింది కట్టుకున్నాను. ఇక ఎంచే ఓపిక లేక, కాస్త మెత్తగా ఉన్నవి నాలుగు ఉంచి, ఏడు మూటలో వేశాను.

మధ్యాహ్నం పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వచ్చింది. గంప గుమ్మం పక్కన దించి, మూట విప్పగానే మొహం చిట్లించింది.

"తెల్ల చీరలా? గివి ఎవరు కొంటరమ్మా? గీ ఏడిటికి ఒక్క గిన్నె సుత రాదు."

"రంగువి కూడా ఉన్నాయిగా, కలిపి చూడు," అన్నాను. బేరమాడే శక్తి ఎప్పుడో అయిపోయింది.

ఆమె ఒక్కో చీరా విప్పి, వెలుతురుకు ఎత్తి, చిరుగులు వెతుకుతోంది. నా చీరల మీద నాకంటే ఆమెకే శ్రద్ధ ఎక్కువ. నాలుగో దాని దగ్గర ఆగింది.

"గీడ ఏందో కుట్టిండ్రు. చిరిగితె రఫు చేపిచ్చిండ్రా?"

చీర లోపలి చివర, బొడ్లో దోపుకునే మూల అది. వేలితో తడిమాను. తెల్ల గుడ్డ మీద తెల్ల దారం. రఫు కాదు. గోరంత సిలువ.

అమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆమె పోవడానికి రెండేళ్ళ ముందు, నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే పక్కకొచ్చి నిలబడింది. మా పెద్దవాళ్ళలో కొందరు, తాము పోయాక పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు కట్టాల్సిన చీర తామే కొని దాచుకుంటారు. అమ్మా కొనుక్కుంది. "అన్నీ తెల్లవే కదా, నీకు తెలవదని మూలన సిలువ కుట్టానమ్మాయ్. కళ్ళు మూసుకుని తడిమినా దొరుకుద్ది," అంది. నేను తలెత్తలేదు. "సరేలే అమ్మా," అన్నాను.

ఆమెను ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు పాస్టరు గారు వచ్చి కూర్చున్నారు, పెట్టె వాకిట్లో ఉంది, చీర ఏదని అందరూ తొందరపెడుతున్నారు. బీరువా తెరిచి, పైనున్న తెల్ల చీర లాగి ఇచ్చేశాను. అది నాదే అయ్యుంటుంది. ఆ తర్వాత పన్నెండేళ్ళు, అమ్మ తన కోసం దాచుకున్న చీర నేను కట్టుకుని బల్లకు వెళ్ళాను. ఆ సిలువను నా చేత్తోనే బొడ్లో దోపుకున్నాను. ఒక్కసారి కూడా వేలికి తగల్లేదు. ఆమె నన్ను అడిగింది అదొక్కటే. అదీ చెయ్యలేకపోయాను.

"ఇది ఇవ్వను," అన్నాను.

"తియ్యమ్మా, నీ చీర నువ్వు తీస్కుంటె నాకేం తక్లీఫ్?" అని మిగతావి మూట కట్టుకుని, చిన్న స్టీలు డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆఫీసు నుంచి కూతురు వచ్చింది. జరిగింది చెప్పాను. "అమ్మమ్మకు కట్టింది కూడా తెల్ల చీరే కదా, అంత ఫీలవ్వకు మమ్మీ," అంది. ప్రేమతోనే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మండినా పోట్లాడే ఓపిక లేదు.

"నీ ఇంట్లో కింది అరలో అడుగున ఇది పెడతాను. ఇక కట్టను. నేను పోయినప్పుడు నువ్వు తియ్యాల్సింది ఇదే. మూలన సిలువ ఉంది."

"సరేలే మమ్మీ," అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఆ ఫోన్ లాక్కుని మంచం మీద పడేశాను. కళ్ళు మూసుకోమన్నాను. దాని చెయ్యి పట్టుకుని, వేలు తీసుకెళ్ళి ఆ మూల మీద పెట్టాను. తగిలిందా అని అడిగాను. తగిలింది అనేదాకా వదల్లేదు.