అమ్మ గొలుసు, మా నలుగురి మెడలు

ఆదివారం, ఏలూరు. పొద్దున కోడలు అడిగిన మాటకి ఇది రాయక తప్పలేదు.

"అత్తయ్యగారూ, కింద ఫ్లాట్ పిల్లాడికి గవదబిళ్ళలంటండీ. మనోడిని ఆడుకోడానికి పంపుదామా? చిన్నప్పుడే వచ్చిపోతే మంచిదంట కదండీ."

వెంటనే బీరువాలోంచి అమ్మ గొలుసు తీశాను. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, గవదబిళ్ళలొస్తే మెడలో బంగారం వేసేవారు. ఆకివీడులో మా ఇంట్లో ఉన్నది ఈ ఒక్క గొలుసే.

పక్కింటి పిల్లకి దవడలు వాచిన రోజు అమ్మ మా నలుగురినీ అక్కడికి తోలింది. "సెలవుల్లోనే అందరికీ వచ్చిపోవాలి, బడి తప్పకూడదు. ఆ పిల్ల తాగిన గ్లాసులోనే మజ్జిగ తాగండి" అంది. నేను సగం తాగి, మిగిలింది అయిదేళ్ళ తమ్ముడికి పట్టాను. వాడు తల తిప్పుకుంటే ముక్కు మూసి మరీ పట్టాను.

దవడల పసుపు అంటిన గొలుసు ఒక మెడ నుంచి ఇంకో మెడకి మారింది. అందరికీ వాపు తగ్గింది. తమ్ముడు మాత్రం ఎడమవైపు నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. "పొగరెక్కింది వెధవకి" అని నాన్న రెండు అంటించారు. ఆ చెవి పోయిందని బడి తెరిచాక మాస్టారు చెప్పేదాకా మాకు తెలియలేదు.

వాడికి డెబ్బై దాటాయి. ఇప్పటికీ నన్ను కుడివైపే కూర్చోబెట్టుకుంటాడు. గ్లాసు సంగతి వాడికి తెలియదు.

ఇక జరగాల్సినవి:
1. మనవడు కింద ఫ్లాట్‌కి వెళ్ళకూడదు.
2. రేపు పిల్లల డాక్టరుగారిని టీకా గురించి అడగాలి. కోడలితో నేనూ వెళ్తాను.
3. గొలుసు తిరిగి బీరువాలోకే వెళ్ళాలి.
4. ఈ పోస్టు తమ్ముడి కంట పడేలోపు వాడుండే కొల్లేటికోట వెళ్ళి, వాడి కుడివైపు కూర్చుని, నేనే చెప్పాలి.