డాక్టర్ క్వెక్ పడుకోబెట్టిన గుండెలు

డాక్టర్ క్వెక్‌కి మనిషి కనబడితే చాలు, పడుకోబెట్టి ఈసీజీ తీయాలనిపిస్తుంది. జబ్బున్నవాళ్ళను ఎవరైనా పడుకోబెడతారు. ఈయనకు మాత్రం గుండ్రాయిలాంటి మనిషే కావాలి.

సింగపూర్ సైన్యంలోకి వచ్చే కుర్రాళ్ళ గుండెలు పరీక్షించడం ఆయన ఉద్యోగం. అక్కడి చట్టం ప్రకారం ప్రతి ఇంటి మగపిల్లాడూ రెండేళ్ళు సైన్యంలోనో, పోలీసుల్లోనో, అగ్నిమాపక దళంలోనో పనిచేయాలి, అంతకుముందు ఈ పరీక్ష బల్ల ఎక్కి తీరాలి కనుక పనికి కరువు లేదు. అయినా ఆయన ఆకలి తీరేది కాదు. పక్కనే ఉండి కుర్రాళ్ళ ఛాతీకి వైర్లు తగిలించే నర్సు రొహాయాకు ఆయన పేరెత్తితేనే తలనొప్పి.

ఒకసారి రొహాయాతో భోజనానికి వెళ్ళి, అక్కడ చికెన్ రైస్ అమ్మే అంకుల్‌ని పట్టుకున్నాడు.

"అంకుల్, మీ తాతలది చైనాలో ఏ ఊరు?"

"హైనాన్. ఏం?"

"హైనాన్ గుండె నా దగ్గర ఒక్కటీ లేదు. ఇలా పడుకోండి, ఐదే నిమిషాలు."

"వరసలో జనం ఉన్నారు, చేతిలో కత్తి ఉంది!"

"కత్తి నర్సమ్మకివ్వండి."

రొహాయా సిగ్గుతో చచ్చిపోయింది. అయినా కత్తి పట్టుకుంది.

అదొక ఎత్తు, రొహాయా మేనమామ కొడుకు పెళ్ళి ఒక ఎత్తు. మలయ్ పెళ్ళిలో వరుడు డప్పుల మోతతోనే అడుగుపెట్టాలి. వరుడొచ్చాడు, గొడుగొచ్చింది, డప్పులు మాత్రం లేవు. వెతగ్గా వెతగ్గా, బిర్యానీ డేగిశాల వెనక డప్పుల కుర్రాళ్ళంతా చొక్కాలు విప్పి బారుగా పడుకుని ఉన్నారు. నడుమ మెషీన్‌తో డాక్టర్ క్వెక్.

"మా పరువు తీశారు డాక్టర్!" అంది రొహాయా, ఏడవలేక.

"పరువుకేం గానీ ఈ గీతలు చూడు. ఎంత నిక్కి లేస్తున్నాయో!"

ఆ ఏడు రొహాయా అక్క కొడుకు హాదీ వంతు వచ్చింది. అగ్నిమాపక దళంలో చేరాలని వాడికి చిన్నప్పటినుంచీ పిచ్చి. పరీక్షించింది వేరే డాక్టరు. మెషీన్ కాగితం కక్కింది, దాని నెత్తిన "గుండె గోడ దళసరి, అనుమానం" అని అచ్చయింది. స్కాన్ అయ్యేదాకా వాడి చేరిక ఆపేశారు.

ఇంటికి వెళ్ళేసరికి వాడు రోగి అయిపోయాడు. తల్లి సావొదా బంతి దాచేసింది, మెట్లెక్కనివ్వలేదు, ఉప్పు డబ్బా అటకెక్కించింది. రాత్రిళ్ళు లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

"పిన్నీ, నేను చచ్చిపోతానా?" అని వాడు మెల్లగా అడిగితే రొహాయాకు గుండె నీరైపోయింది. తెల్లారగానే ఆ కాగితం తెచ్చి డాక్టర్ క్వెక్ ముందు పెట్టింది.

ఆయన నవ్వలేదు. తను పోగేసిన, ఏ జబ్బూ లేని మలయ్ కుర్రాళ్ళ కాగితాలు బల్లమీద పరిచి, మధ్యలో హాదీది పెట్టాడు. చూడబోతే అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

"ఈ మెషీన్‌కి చదువు చెప్పినవాళ్ళు చూసింది ఏ దేశం గుండెలో. మనవాళ్ళవి చూస్తే దానికి భయం. అయినా గీతల్ని నమ్మి ఊరుకోను, స్కాన్ నేనే చూస్తాను."

చూశాడు. గుండె గోడ భేషుగ్గా ఉంది.

"వెళ్ళి మంటలార్పుకోరా! ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్. ఫిట్ అని చెప్పకు, ఆవిడకి ఎక్కదు. గుండెకేం కాలేదని రెండుసార్లు చెప్పు."

హాదీ ఫోన్ కలుపుతుండగా రొహాయా ఉండబట్టలేక అడిగేసింది. "గట్టిగా ఉన్నవాళ్ళ వెంట పడి ఇన్నేళ్ళూ నవ్వులపాలయ్యారు. ఇందుకేనా?"

"నాకూ పద్దెనిమిదేళ్ళప్పుడు ఇలాంటి కాగితమే ఇచ్చారు. పక్కన పెట్టి చూడ్డానికి ఇంకో కాగితం ఎవరి దగ్గరా లేదు. నాలుగేళ్ళు మా అమ్మ నన్ను పరిగెత్తనివ్వలేదు. చివరికి చూస్తే ఏమీ లేదు."

రొహాయాకు ఆయనమీద ఉన్న చిరాకంతా కరిగిపోయింది. ఏదో అనబోయింది గానీ, ఫోన్‌లోంచి సావొదా గొంతు గదంతా మోగింది.

"ఏం లేదా? నిజంగా ఏం లేదా? అల్లా, నీ దయ! మరి కుండెడు చప్పిడి గంజి కాచానే, ఎవడు తాగుతాడురా ఇప్పుడు?"

"నాకు పంపొద్దని చెప్పరా," అన్నాడు డాక్టర్ క్వెక్ కంగారుగా. "నాలుగేళ్ళు తాగాను."