ఔడున్ గారి నెలల పుస్తకం

ఎవరికైనా బిడ్డ పుట్టిందంటే ఔడున్ గారు ఆడపిల్లా, మగపిల్లాడా అని అడగరు. "పద్దెనిమిది నెలలు" అని పుస్తకంలో రాసుకుంటారు.

మా యూనివర్సిటీలో పరిశోధన గ్రాంట్ల ఆఫీసు ఆయనది. కింద క్యాంటీన్‌లో వాఫుల్స్ పెనం నాది. డాక్టరేట్ వచ్చిన ఏడేళ్లలోపు దరఖాస్తు పెడితేనే సొంత ప్రాజెక్టుకు నాయకత్వం వహించే అర్హత. బిడ్డ పుడితే తల్లికి ఆ గడువు మీద పద్దెనిమిది నెలలు కలుపుతారు. జబ్బు చేస్తే పని మానేసినన్నాళ్లూ కలుపుతారు. అందుకే ఆయన కంటికి మనుషులు కాదు, నెలలు నడిచొస్తున్నట్టుంటుంది.

కవలలు పుట్టినామె బల్ల చుట్టూ ఆయన రెండుసార్లు గంతులేశారు. మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్న కుర్ర లెక్చరర్‌ని చూడ్డానికి పూలతో ఆసుపత్రికి వెళ్లి, "తొందరపడి నయం చేసుకోకు నాయనా" అని బతిమాలి వచ్చారు.

ఒక శుక్రవారం సిగ్నీ వచ్చి కూర్చుంది. సముద్రంలో చేపలు ఏం వింటాయో కనిపెట్టే మనిషి. వాఫుల్ మీద గోధుమరంగు చీజ్ కరిగిపోతున్నా ముట్టలేదు. వెనకే ఔడున్ గారు, రొప్పుతూ.

"ఏడేళ్ల గడువు దాటి ఇరవై ఒక్క రోజులైంది, సిగ్నీ. అర్హత లేదు."

"పైన చెప్పారుగా. ఈ గ్రాంటు రాకపోతే నా ల్యాబ్ మూసేస్తారు. మళ్లీ చెప్పడానికి మెట్లు దిగొచ్చారా?"

"పిల్లలు?"

"లేరు."

"ఆపరేషన్?"

"లేదు."

"పోనీ, చెయ్యి బెణికిందా?"

"లేదు మహానుభావా."

"ఇంత ఆరోగ్యంగా ఉంటే నేనేం చెయ్యను?" అని ఆయన తల పట్టుకున్నారు.

నాకు పెద్దవాళ్ల మాటల మధ్య నోరు పెగలదు. కానీ పెనం దగ్గర నిలబడేవాళ్లకు అన్నీ కనబడతాయి. "రెండేళ్ల కిందట చలికాలం... రోజూ డబ్బాలో సూప్ పట్టుకెళ్లేవారు" అన్నాను, పెనానికి చెబుతున్నట్టు.

"అది మా నాన్నకి" అంది సిగ్నీ. "ఆయన జబ్బు, నాది కాదు."

ఔడున్ గారు లేచి నిలబడ్డారు. "పని మానేశావా?"

"జీతం లేని సెలవు. యాభై మూడు రోజులు."

"ఇంటివాళ్ల జబ్బూ లెక్కే. ఎందుకు చెప్పలేదు?"

"కష్టాలు చెప్పుకుని గ్రాంటు అడుగుతారా ఎవరైనా?"

"అందుకేగా నేను ఊరందరినీ అడిగి రాసుకునేది. పడ్డవాళ్లు చెప్పరు" అన్నారాయన. ఆమె చల్లారిన వాఫుల్‌ని ఆనందంలో తనే తినేసి, మెట్లు రెండేసి ఎక్కి పైకి పరిగెత్తారు.

ఇప్పుడు సిగ్నీ ల్యాబ్‌లో ఆరుగురున్నారు. నాయకురాలు ఆమే.

మొన్న నాకు పాప పుట్టింది. ఔడున్ గారు పూలతో వచ్చి పుస్తకం తెరిచారు. "పద్దెనిమిది నెలలు."

"నేను బడే పూర్తి చెయ్యలేదండీ. నాకెందుకు?"

"డాక్టరేట్ వచ్చాక పనికొస్తాయి" అంటూ ఆయన నా పేరు రాసేసుకున్నారు. తర్వాత, ఏమాత్రం నవ్వకుండా, "కవలలేమో అనుకున్నాను" అన్నారు.