శివాజీ మూసేసిన హెచ్చరికలు

ఉయ్యూరు దాటాక బస్సులో నా పక్కన కూర్చున్నాడు శివాజీ, గవర్నర్‌పేటలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మనిషి. చేతిలో ఏమీ లేకపోయినా కుడి చూపుడువేలు మోకాలి మీద మౌసు నొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంది. ఎన్నో ఊళ్లు తిరిగాను. గానుగెద్దులో కూడా అతని ముఖంలో ఉన్నంత అలుపు చూడలేదు. ముందు సీట్లోంచి రక్తపరీక్షల ల్యాబు నడిపే సుధామణి వెనక్కి తిరిగింది. "శివాజీ గారూ, మీరు ప్రోగ్రాం మార్చాక, కంప్యూటర్‌కి వైరస్‌ల నుంచి కాపలా లేదంటూ వచ్చే ఆ ఎర్ర హెచ్చరికలు ఒక్కటీ రావట్లేదండీ. ప్రాణం హాయిగా ఉంది!"

"వస్తూనే ఉన్నాయండీ. మీకు కనపడకుండా నా ప్రోగ్రామే మూసేస్తోంది. అలా రాస్తావా, ఉద్యోగం మానేస్తావా అన్నారు మా ఓనరు. వైరస్ పడితే మీ రోగుల రిపోర్టులన్నీ పోతాయి. పాతదే పెట్టించుకోండి."

"పోండి, మళ్లీ ఆ గోల ఎవరు పడతారండీ?" అని నవ్వి, జామకాయ ముక్క అందించింది.

పటమటలో అతను మా ఇద్దరికీ చెప్పకుండా దిగి నడిచిపోయాడు. ఎడంచేతిలో కొరకని ముక్క. కుడిచేతి వేలు ఇంకా నొక్కుతూనే ఉంది.